మామల్లపుర మహాశిల్పము: నీటి కోత, ఉలి కోత

చెన్నపట్టణమునకు దక్షిణముగా సముద్రతీరమున నున్న మామల్లపురమును చూడని తెలుగు కుటుంబము తమిళనాట అరుదు. మహాబలిపురమని వాడుకలో నున్న ఆ యూరికి పోయినవారు పంచరథములను చూతురు, తీరదేవాలయమును చూతురు, జారునట్లుండి జారని పెద్దగుండు క్రింద నిలిచి ఛాయాచిత్రము తీయించుకొందురు. వీని నడుమ తూర్పుముఖముగా నున్న గొప్ప ఉబ్బెత్తు శిల్పము నొద్ద మార్గదర్శకుడు “ఇది అర్జునుని తపస్సు” అని చెప్పును. విన్నవారు ఒంటికాలిపై నిలిచిన తాపసిని వెదకి కనుగొని, ఏనుగులను మెచ్చుకొని, ముందునకు సాగుదురు. పది నిమిషములలో ముగియు ఆ దర్శనమున శిల్పము మధ్యనున్న చీలిక చాలమంది కంటబడదు. పడినను అది రాయి పగిలిన చోటుగా తోచును గాని శిల్పములోని భాగముగా తోచదు. కాని ఆ కృతియందలి నూటికి పైబడిన రూపములలో దేనినైనను తొలగించి శిల్పమును ఊహింపవచ్చును. చీలికను తొలగించి ఊహింప వీలులేదు. ఆ చీలికను తెఱచినది ఉలి కాదు, నీరు.

శిల్పశాస్త్ర గ్రంథములు విగ్రహమునకు రాతిని ఎన్నుకొను విధమును విస్తరించి చెప్పును. తట్టినపుడు గంటవలె మ్రోగు రాయి ఉత్తమము. బీటగలది, మచ్చగలది వర్జ్యము. రాతిని తట్టి నాదము వినుట నేటికిని స్థపతుల ఆచారమే. 1957లో ప్రభుత్వము శిల్పవిద్యాలయమును నెలకొల్పిన మామల్లపురములోనే, వీథివీథిని ఉలి చప్పుడు వినవచ్చు ఆ యూరిలోనే, శాస్త్రము దోషమన్న దానిని కృతికి కేంద్రముగా గ్రహించిన శిల్పము వెలసియున్నది. పూజావిగ్రహమునకు చెప్పిన నియమము బహిరంగమైన కొండచరియకు వర్తింపదని సమాధానము చెప్పవచ్చును. నిజమే. అయినను ఆ కాలపు శిల్పులకు పగులులేని చరియలు ఆ ప్రాంతమున కొదువ కాదు. చుట్టును గుహాలయములు తొలిచినవారు వారే. ఇన్ని రాళ్లుండగా బీటవారిన రాతినే కోరి తీసికొనిరన్న మాట విమర్శకునికి మొదటి ఆధారము.

రాతి స్వభావమును కొంత తెలిసికొననిదే ఈ ఎన్నిక యందలి చాతుర్యము బోధపడదు. దక్షిణాపథమున పరచుకొన్న ఈ గట్టి శిలలు వందల కోట్ల సంవత్సరముల నాటివి. భూమిలోతున పుట్టిన రాయి పైబరువు తొలగి వెలుపలికి వచ్చునప్పుడు వ్యాకోచించి నిలువుగను అడ్డముగను సన్నని బీటలు వాఱును. వాననీరు ఆ బీటలలో దిగును. రాతిలోని ఫెల్‌స్పార్ అను ఖనిజము నీటి సంపర్కమున మెల్లమెల్లగా మన్నుగా మారి కొట్టుకొని పోవును. పలకగానున్న బండకు మూలలందు నీటి తాకిడి మూడు దిక్కులనుండియు, అంచులందు రెండు దిక్కులనుండియు, ముఖమునందు ఒక్క దిక్కునుండియు కలుగును గనుక మొదట మూలలు అరుగును, పిదప అంచులు అరుగును, కడకు పలక గుండగును. ఉల్లిపొరలవలె పైపొరలు ఊడుటయు ఈ వ్యాపారములోనిదే. హైదరాబాదు పరిసరములలోను, పెనుగొండ, లేపాక్షి ప్రాంతములలోను, తుంగభద్ర ఒడ్డున హంపిలోను కనబడు గుండ్ల పేర్పులు ఈ విధమున ఏర్పడినవే. తెలుగుదేశపు బాలుడు ఈ గుండ్ల నడుమనే ఆడుకొని పెరుగును. అవి ఎట్లు కలిగెనని అడుగడు. పెద్దలను అడిగినను భీముడు విసరెనని చెప్పుదురు.

నీరు చేసిన ఆకృతి తనంత తానుగా కళ యగునా అన్నది ఇచ్చట తప్పించుకొనరాని ప్రశ్న. మహారాష్ట్రమున కుకడీ నదిలో నిఘోజ్ గ్రామము నొద్ద నల్లరాతి గర్భమును ప్రవాహము తొలిచి చేసిన గుంటలు కలవు. సుడులలో చిక్కిన గులకరాళ్లు తిరిగి తిరిగి కడవలవలె, బానలవలె తొలిచిన ఆ గుంటల నునుపును, వంపులను చూచినవారు వానిని గొప్ప శిల్పి పనియని పొగడుదురు. పొగడ్త అర్థవంతమే కాని ఉపచారమాత్రము. అచ్చట ఎన్నిక లేదు. ఒక గుంట ఉండదగిన చోటనే ఉన్నదనియు, మరియొకటి చోటు తప్పినదనియు చెప్పుటకు వీలులేదు. తప్పు పట్టుటకు అవకాశములేని చోట మెప్పునకును అవకాశము లేదు. సృష్టిని కృతితో సమానముగా పొగడుట భక్తునికి తగును గాని విమర్శకునికి చాలదు.

హంపిలో వేఱొక రీతి కనబడును. కోటిలింగమని పేరుగన్న చోట తుంగభద్రలోనికి వాలిన చదునైన బండలపై నూటయెనిమిదియు, వేయిన్నెనిమిదియు లింగములను వరుసలు తీర్చి చెక్కిరి. ఏఱు పొంగినప్పుడు అవి మునుగును, తీసినప్పుడు తేలును. అభిషేకము చేయు పనిని శిల్పి నదికే ఒప్పగించెను. భావము రమ్యము. కాని ఆ లింగముల వరుసలు బండ యొక్క సహజమైన వంపులను, చాళ్లను లెక్కచేయలేదు; గళ్ల చీరవలె రాతిపై పరచబడినవి. నీరు అచ్చట సేవకుని స్థానమున నున్నది, సహకర్త స్థానమున లేదు. ఈ రెండింటికిని నడుమ, లేక ఈ రెండింటిని మించి, మామల్లపుర శిల్పము నిలిచియున్నది.

పల్లవులు రాతిపనిని ఎట్లు పట్టుకొనిరో తలచుకొనుట ఉపయోగకరము. మహేంద్రవర్మ మండగపట్టు గుహాలయ శాసనమున, ఇటుక లేక, కొయ్య లేక, లోహము లేక, సున్నము లేక బ్రహ్మ విష్ణు మహేశ్వరులకు ఆలయము చేయించితినని చెప్పుకొనెను. ఆ గర్వమునందు ఒక దేశపు కళాచరిత్రము మలుపు తిరిగినది. ఈ విద్యను ఆ రాజు కృష్ణాతీరమున ఉండవల్లి గుహలను చూచి గ్రహించెనని పాండిచ్చేరియందు నివసించిన ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రయి ప్రతిపాదించెను. ఆ రాజు బిరుదములలో కొన్ని తెలుగు పలుకుబడి గలవై తమిళదేశపు గుహాలయములలో చెక్కబడియుండుట ఆంధ్రసంబంధమునకు బలమైన సాక్ష్యము. దీనినిబట్టి మామల్లపుర శిల్పులు ఆంధ్రులేయని ఉత్సాహపడువారు కలరు. అంత దూరము పోవుటకు ఆధారము చాలదు. పోవలసిన పనియు లేదు. నల్లమల కొండలలో భైరవకోన యందు జలపాతము ప్రక్కనే కొండచరియను తొలిచి నిర్మించిన ఎనిమిది చిన్న ఆలయములను చూచినవారికి, నీరు పడుచోట రాతిని తొలుచు అలవాటు రెండు దేశములకును ఉమ్మడి యని తెలియును. అంతమాత్రము చాలును.

మహాశిల్పము రెండు పెద్ద గుండ్ల ముఖముపై నున్నది. పొడవు ముప్పది మీటర్లకు చేరువ. ఎత్తు అందులో సగమునకు లోపు. దీనిని సాధారణముగా మామల్లుడను బిరుదము గల నరసింహవర్మ కాలమునకు, అనగా ఏడవ శతాబ్దమధ్యమునకు చేర్చుదురు. మామల్లపుర నిర్మాణములన్నియు రాజసింహునివే యని ఆర్. నాగస్వామి 1962లో వాదించెను. కాలనిర్ణయము ఎటు తేలినను శిల్పవిమర్శకు భంగము లేదు. రెండు గుండ్ల నడుమ పైనుండి క్రిందివఱకు నిలువైన చీలిక. అందులో చేతులు జోడించి పైకి పోవుచున్న నాగరాజు, వాని క్రింద నాగిని. చీలికకు ఎడమప్రక్క పైభాగమున, ఎముకలు తేలిన దేహముతో, ఎత్తిన చేతులతో, ఒంటికాలిపై నిలిచిన తాపసి. అతని యెదుట చతుర్భుజుడైన శివుడు, చుట్టును పొట్టి గణములు. దిగువన చిన్న విష్ణ్వాలయము, దాని ముందు కూర్చున్న వృద్ధతాపసి. ఆ ప్రక్కనే ఏటియొడ్డు: స్నానము చేసి తడిబట్టను పిండుకొనువాడొకడు, భుజముపై నీటికుండను మోయువాడొకడు. కుడిప్రక్క ఏనుగుల జంట, వాని కాళ్ల నీడను గున్నలు. మదగజము ముందు రెండు కాళ్లపై నిలిచి చేతులెత్తి తపస్సు చేయు పిల్లి, దానిని నమ్మి చేరిన ఎలుకలు. వెనుకకాలి గిట్టతో ముక్కు గోకికొను లేడి. పైన ఆకాశమున కిన్నరులు, గంధర్వులు, దేవదంపతులు రెండు వైపులనుండియు చీలిక దిక్కునకే ఎగిరి వచ్చుచున్నారు.

చీలిక పైభాగమున, కొండమీద, నీటిని నిలువచేయు తొట్టి యొకటి ఉండిన జాడలు కలవు. అచ్చటనుండి నీటిని విడిచినప్పుడు అది చీలిక వెంట, నాగముల దేహములపై జారి క్రింది మడుగున పడునట్లు ఏర్పాటు చేయబడెనని పలువురు పండితుల అభిప్రాయము. అనగా ఈ కృతికి రాయి ఒక్కటే ఉపాదానము కాదు. నీరు రెండవ ఉపాదానము.

ఇచ్చట శిల్పి చేయని పని చేసిన పనికంటె గొప్పది. అతడు నీటిని చెక్కలేదు. భారతీయ శిల్పమున నీటికి చాలకాలమునుండి ఒక గుర్తు కలదు: వంకరగీతల వరుసలు. సాంచి తోరణముపై నైరంజనా నది అట్టి గీతలతోనే చూపబడినది. మాళవమున ఉదయగిరి గుహలో, అయిదవ శతాబ్దారంభపు వరాహమూర్తి వెనుక గోడనిండ సముద్రమును, ప్రక్కగోడలపై గంగాయమునల దిగుబాటును అలలగీతలుగా చెక్కిరి. ఆ గీతలు ఓపికతో, నియమముతో చేసినవి. చూచినవారు “ఇది నీరు” అని చదువుకొందురు. మామల్లపుర శిల్పి చదివింపదలచలేదు. నీటికి చోటు విడిచెను; ఆ చోటు సహస్రాబ్దములుగా నీటిదే. బీటలో దిగిన వాననీరు ఏ దారిని చేసికొన్నదో ఆ దారినే గంగకు ఇచ్చెను. నాగముల దేహములు మాత్రము కొంత ప్రవాహము వలె తోచును. వాని పొడవైన తోకలు చీలిక లోతున మెలిదిరిగి, నీరు లేనప్పుడును క్రిందికి జారు భ్రాంతిని కలిగించును. గుర్తుతో పనిలేకుండ వస్తువునే తెచ్చి నిలిపిన సాహసము ఉదయగిరి శిల్పికి లేదు. వానిని తక్కువచేయుటకు ఈ మాట చెప్పుట కాదు. వాని ముందు చీలిన రాయి లేదు.

ఆంధ్రసాహిత్యమున ఇట్టి మార్గము ఎఱుగనివారు లేరు. ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున కృష్ణదేవరాయలు వర్షమును వర్ణించిన తీరు అదే. జడివానలో గూళ్లలో ముడుచుకొన్న పక్షులు, తడిసిన కట్టెలతో పొయ్యి రాజేయలేక అవస్థపడు గృహిణి, ఇట్టివి ఆయనకు వాన. నీటి ధారల పోలికలకంటె తడిసిన ప్రపంచమే అందు ఎక్కువగా గుర్తుండును. మామల్లపురమునను తడిసిన ప్రపంచమే కలదు. బట్ట పిండువాని మణికట్టు బిగువును చూచినవారికి ఏఱు కనబడకున్నను ఒడ్డున నిలిచినట్లుండును. ఏనుగు తొండము వ్రేలాడిన తీరున నీటివాసన కలదు. ఇంత చెప్పిన పిమ్మట ఒక తేడాను మఱువరాదు: కవికి నీరు ఎప్పుడు కావలసిన అప్పుడు మాటలలో దొరకును, శిల్పికి కొండమీది తొట్టి నిండవలెను.

ఇక కథానిర్ణయము. ఈ శిల్పమునకు అర్జున తపస్సన్న పేరు స్థలమున ప్రసిద్ధము. పాశుపతాస్త్రమునకై పార్థుడు చేసిన తపస్సు తెలుగువారికి నన్నయ అరణ్యపర్వభాగమునను, శ్రీనాథుని హరవిలాసమునను పరిచితమే. శివుడు వరమిచ్చు భంగిమతో నిలుచుటయు, తాపసి శివుని యెదుటనే యుండుటయు ఆ పేరునకు అనుకూలములు. 1914లో విక్తర్ గొలుబేవ్ అను పండితుడు దీనిని భగీరథ ప్రయత్నముగా, గంగావతరణముగా వ్యాఖ్యానించెను. అతని ప్రధానాధారము చీలికయే. దేవతలు, నాగులు, మృగములు, మునులు అందఱును తిరిగియున్న దిక్కు శివుడు కాదు, చీలిక. అర్జునుని కథలో ఈ లోకమంతయు నదివైపు మొగము త్రిప్పుకొనుటకు కారణము లేదు. పిల్లి తపస్సు కథయు గంగయొడ్డున జరిగినట్లే భారత ఉద్యోగపర్వమున చెప్పబడినది.

గంగావాదమునకు ఒక చిక్కు కలదు. దానిని ఆ పక్షమువారు తేలికగా దాటివేయుట తగదు. తిరుచిరాపల్లి కొండపై మహేంద్రవర్మ తొలిపించిన గుహలో గంగాధరమూర్తి కలదు. అందు శివుడు జడను చేతబట్టి దిగివచ్చు గంగను అందుకొనుచున్నాడు. పల్లవ శిల్పులకు ఆ రూపము ఎఱుకయై యుండగా ఇచ్చట శివుడు జడను చాచడేమి? నదికి ప్రక్కగా, వరదుడై నిలుచునేమి? ఈ చిక్కును విడదీయుటకు కొందఱు రెండు కథలును ఉద్దిష్టములే యనిరి. పద్మా కైమల్ 1994లో ప్రకటించిన వ్యాసమున ఈ శిల్పము బుద్ధిపూర్వకముగా అనేకార్థములతో కూర్పబడినదని నిరూపింప యత్నించెను. రాఘవపాండవీయమును చదివిన జాతికి ఇది నమ్మరాని మాట కాదు. పింగళి సూరన ఒక్క పద్యమున రామకథను భారతకథను నడపెను. పల్లవుల కాంచికి చెందిన దండియు ద్విసంధానమను కావ్యమును రచించెనని భోజుడు చెప్పెను. అట్టి ఆస్థానమున రాతియందును శ్లేష పుట్టుట సహజమే.

అయినను ఈ ఉపమానము ఒక చోట కుంటుపడును. సూరన పద్యమున రెండర్థములకును శబ్దము సమముగా తోడ్పడును; ఏ అర్థమును గ్రహించినను పదములు అవే. ఇచ్చట ఉపాదానములు రెండు గదా. రాయి రెండు కథలకును ఒప్పును. నీరు ఒక్క కథకే ఒప్పును. తొట్టి తెఱచి చీలికలో నీరు దుమికినప్పుడు చూచినవారెవ్వరును అర్జునుని పేరు తలచియుండరు. నీరు నిలిచిపోయిన పిమ్మట, చీలిక వట్టి బీటగా మిగిలిన పిమ్మట, చూపు ఆధారము లేక తిరిగి తిరిగి శివుని యొద్దను తాపసి యొద్దను ఆగును. అప్పుడు అర్జునుడు ముందునకు వచ్చును. స్థానికమైన పేరు ఎండిన శిల్పమునకు పుట్టిన పేరని ఊహించుట అసంగతము కాదు. తడిసినప్పుడు గంగావతరణము, ఎండినప్పుడు అర్జున తపస్సు. కథలు మారుటకు శిల్పి ఉద్దేశమేకాక తొట్టి శిథిలమగుటయు కారణమై యుండవచ్చును. శివుని భంగిమ చిక్కును ఇది పూర్తిగా తీర్పదు. నీటినే జడగా, చరియనే శివునిగా శిల్పి భావించెనేమోనని చెప్పుటకు మనసు ఊరించును గాని అది విమర్శ కాక కవిత్వమగును.

గుణములను ఎంచినచో దోషములను గూడ ఎంచవలెను. ఎడమ దిగువభాగము అసంపూర్ణము. అచ్చట ఉలి గాట్లు మాత్రమే కలవు. శివుని చుట్టునున్న గణముల కూర్పు ఇరుకు. దేవుడు తన పరివారముచేతనే కొంత మఱుగుపడెను. ఎడమ గుండుపై చిన్న రూపముల రద్దీ, కుడి గుండుపై ఏనుగుల భారము; ఈ రెండు భాగములకును తూకము కుదరలేదని అనువారు కలరు. ఈ కడపటి ఆక్షేపణ మాత్రము నిలువదు. ఏనుగుల నిర్మాణమును దగ్గఱగా చూడవలెను. వాని వీపుల గుండ్రదనము, కడుపుల వాలు, కాళ్ల నిలుపు అన్నియు గుండు యొక్క సహజాకారమును అనుసరించి పోయినవి. శిల్పి ఏనుగును రాతిలో దూర్చలేదు. నీరు అరగదీసి ఉంచిన గుండ్రదనము నుండి ఏనుగును వెలికి పిలిచెను. ఎడమప్రక్కనుండి కదలి వచ్చిన రద్దీ ఆ భారమునకు తగిలి ఆగి చీలికలోనికి మరలును. ఏనుగులు చిన్నవై యున్నచో చూపు ప్రక్కకు జారిపోయెడిది. పంచరథములలో ఇట్టి అనుసరణము లేదు. అవి కొయ్యకట్టడములను రాతిలో అనుకరించినవి, గుండు ఆకారము వానిచే పూర్తిగా జయింపబడినది. వానిలో నేర్పు ఎక్కువ, సంభాషణ తక్కువ.

నీరు ఒకచోట చేసిన ఉపకారమునకు వేఱొకచోట వెల కట్టించుకొన్నది. ఎనిమిదవ శతాబ్దారంభపు తీరదేవాలయమున అల లేచినప్పుడు చిందు ఉప్పుతుంపర రాతి రంధ్రములలో ఇంకి, ఎండ తగిలి గడ్డకట్టి, గింజగింజగా రాతిని ఉబ్బించి రాల్చును. గాలి తెచ్చు ఇసుక మిగిలిన పని చేయును. ప్రాకారముపై నందుల మొగములు కరిగిన వెన్నవలె నున్నవి. గోడలపై దేవతలు పొగమంచులో నిలిచినట్లు తోతురు. ఈ అరుగుదలయందే అందమున్నదని మురియు యాత్రికులు కలరు. ఇది పొరపాటైన రసికత. మహాశిల్పమున నీటికోత కృతికి ముందు కలిగినది. శిల్పి దానిని చూచి, ఒప్పుకొని, ఎన్నుకొనెను. తీరదేవాలయమున అది కృతికి తరువాత కలిగినది. శిల్పి సమ్మతి దానికి లేదు. ముందుది సహకారము, తరువాతిది నష్టము. రెండింటిని ఒకే మెచ్చుకోలుతో కలుపువారు కవి వ్రాసిన పద్యమును, చెదలు తినగా మిగిలిన పద్యమును ఒక్కటిగా ఎంచువారు.

పురాతత్త్వశాఖ సముద్రమునకు అడ్డుగా రాళ్లకట్ట వేసినది, సరుగుడు తోపులు పెంచినది, కాగితపు గుజ్జును రాతిపై పూసి ఉప్పును లాగివేయు పద్ధతిని అవలంబించినది. 1984లో ఈ నిర్మాణములు ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చబడినవి. 1990లో తీరదేవాలయపు ఉత్తరభాగమున త్రవ్వినప్పుడు ఇసుక క్రింద చిన్న ఆలయమును, బావిని, మూలశిలలో చెక్కిన భూవరాహమును బయటపడినవి. నీటిలోనుండి భూమిని ఎత్తిన వరాహమును నీటిచెంతనే, పునాదిబండలోనే మలచిన ఊహ మహాశిల్పము యొక్క ఊహకు దగ్గఱి చుట్టము. 2004 డిసెంబరు 26న సునామీ అలలు తీరమున ఇసుకను తొలగించి మఱికొన్ని చెక్కడపు రాళ్లను చూపించినవి.

మహాశిల్పమునకు మరల నీరు ఇయ్యవలెనా అన్న ప్రశ్న ఈ సందర్భమున నిజమైన ప్రశ్న. ఇచ్చినచో కృతి తన అర్థమును తిరిగి పొందును. కాని నిత్యప్రవాహమునకు నాచు పట్టును, నాగముల పొలుసులు అరుగును, బీట ఇంకను తెఱచుకొనును. చీలికను ఇచ్చిన నీరే శిల్పమును తీసికొని పోవును. ఇయ్యనిచో రాయి నిలుచును గాని చూచువాడు సగము కృతినే చూచి పోవును. రక్షణాధికారి రెండవ మార్గమునే అనుసరించుట న్యాయము. రాయి పోయిన పిమ్మట నీటికి చెప్పుకొనుటకు ఏమియు మిగులదు. ఆ న్యాయమును ఒప్పుకొనుచునే, ఎండిన స్థితిని సంపూర్ణస్థితిగా చూపు మార్గదర్శక గ్రంథములను మాత్రము సవరింపవలసియున్నది. పటములలో చీలికను నీడగా నల్లబఱచి, ప్రక్కనున్న రూపములకు మాత్రమే అంకెలు వేసి పేర్లు చెప్పు ఆచారము వానిలో సాధారణము. తొట్టి జాడకును, మడుగునకును అంకె వేసినచో ఏ ఖర్చును లేదు.

ఈ సందేహము క్రొత్తది గాదు. దండి తన అవంతిసుందరీ కథ ప్రారంభమున ఒక సంగతి చెప్పును. మహామల్లపురమున సముద్రపుటొడ్డున శయనించిన విష్ణుమూర్తికి చేయి విఱిగినది. లలితాలయుడను శిల్పి దానిని అతుకు తెలియకుండ అతికించెను. ఆ పనిని చూచుటకు దండి కాంచినుండి వచ్చెను. అలలు స్వామి పాదములను తాకుచుండగా మిత్రులు ఆ చేతిని పరీక్షించి, ఎచ్చట విఱిగెనో కనుగొనలేక శిల్పిని కొనియాడిరట. తీరదేవాలయమున రెండు శివాలయముల నడుమ నేటికిని ఒక శేషశాయి కలడు. ఆయుధములు లేక, అక్కడి మూలశిలలోనే మలచబడియున్నాడు. దండి చూచినది ఈ మూర్తియే యని పలువురి మతము.

మహాశిల్పము తూర్పుముఖమున నుండుటచే ఉదయపుటెండలో స్పష్టముగా కనబడును. వాన వెలసిన ఉదయమున, రాయి తడిసి నల్లబడి చీలికలో చెమ్మ మిగిలియున్నప్పుడు పోగలిగినవారు అదృష్టవంతులు. కార్తిక, మార్గశీర్ష మాసములలో ఆ తీరమున అట్టి ఉదయములు అరుదు గావు.